మా బండికి వెడల్పు టైర్లు

మా అమ్మాయి స్టీరింగ్ పట్టినప్పటి నుంచి బండి సంగతి నన్నెవరూ అడగరు. ఏళ్లుగా నాకదే మంట. ఈరోజు ఘాజియాబాద్ టైర్ల షాపులోనూ అంతే. మా పికప్ ట్రక్కుకి పాతవాటికన్నా వెడల్పు టైర్లు కావాలని తనే చెప్పేసింది.

"మైలేజీ పడిపోద్దే, అక్కర్లేదు" అన్నాను.

"పడనీ నాన్నా. గుంట వచ్చినప్పుడల్లా నడుం పట్టుకుంటున్నావు, నేను చూడట్లేదనుకున్నావా? వీటికి కుదుపు తగ్గుద్దని షాపు భయ్యా చెప్పాడు" అంది.

టైర్లు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పితే వెడల్పు టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుందా? వేయించినవాళ్లు చెప్పండి. నా నడుం సంగతి తర్వాత, బండి నడిపేది నా కూతురు. సోమవారం బిగిస్తారు. ఆదివారం సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి.