మా ఇంట్లో సముద్రం ఊసెత్తని రోజులు

నాకు ఏడో నెల వచ్చినప్పుడు ద్వారకా నగర్‌లో ఒక డాక్టరమ్మ బీపీ చూసి, "తల్లి మరీ దిగులుపడితే ఆ ప్రభావం బిడ్డ మెదడు మీద పడొచ్చు. నువ్వు ప్రశాంతంగా ఉండాలమ్మా" అంది. మంచికే చెప్పింది. కానీ చెప్పింది ఎవరికి? మొగుడు బోటు మీద వేటకెళితే పాలు పొంగినా గుండె పట్టుకునేదానికి! తిరిగొచ్చేటప్పుడు సిటీబస్సు బ్రేకు వేసిన ప్రతిసారీ ఉలిక్కిపడి, అయ్యో, బిడ్డకి ఒక ఎక్కం పోయిందనుకున్నాను.

మా అత్త ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మేది. సంగతి విని వెంటనే రంగంలోకి దిగింది. రేడియోలో బ్యాటరీలు తీసి బియ్యం డబ్బాలో దాచేసింది. గుమ్మంలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే హెచ్చరిక.

"సముద్రం ఊసెత్తారంటే సీపురు తిరగేత్తాను. కోడలు బయపడితే పిల్ల బుర్ర పాడైపోద్దంట!"

ఆ నెలలోనే వాయుగుండం పట్టింది. మా ఆయన వేటలో ఉన్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను చూడగానే మాట ఆపి చింతపండు గురించి మొదలెట్టేవారు. చింతపండు గురించి అంతసేపు మాట్లాడేదేముంటుంది? కడుపు మీద చెయ్యేసుకుని "ఏం లేదమ్మా, నాన్న బాగున్నాడు" అని బిడ్డకి చెబుతూ భోరుమన్నాను. ఏడ్చినందుకు డాక్టరమ్మ మాట గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను.

మర్నాడు ఇక ఆగలేక వానలోనే హార్బర్‌కి నడిచాను. రేకుల కింద వల బాగుచేస్తున్న మా మరిది నన్ను చూసి గాభరాగా లేచాడు.

"ఏటొదినా, ఈ వానలో ఒచ్చీసేవ్? అన్న బోటు నిన్ననే కాకినాడ సేరిపోనాది కదా! సెబుదామని ఇంటికొత్తే అమ్మ సీపురు సూపించింది."

మంచి కబురైనా సముద్రం ఊసే కదా. అక్కడే ఐసు పెట్టె మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను.

పాప పుట్టాక నా పరీక్షలు మొదలయ్యాయి. గిలక్కాయ ఊపినప్పుడు తల తిప్పకపోతే, అదిగో చింతపండు రోజు దెబ్బేననుకునేదాన్ని. పాపం, దానికి నిద్రొచ్చేది. రెండేళ్లు తిరక్కుండానే గలగలా మాట్లాడేసరికి, పిల్ల తెలివి గురించి వీధంతా చాటింపు వేశాను.

దానికి ఐదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం గాలి లేచింది. వాళ్ల నాన్న వేటలో ఉన్నాడు. అన్నం తింటున్న పిల్ల పళ్లెం వదిలేసి పరుగున రేడియో తెచ్చి నా ఒళ్లో పెట్టి మీట తిప్పింది.

"ఇనమ్మా" అంది.

తుఫాను వార్త మొదలైంది. అది రేడియో వైపు చూడలేదు. కన్నార్పకుండా నా మొహమే చూస్తోంది. ఇన్నాళ్లూ దాని తెలివి చూసి మురిసిపోయినదాన్ని, ఆ చూపు చూసి ఏడవబోయి ఆపుకున్నాను. గబగబా నవ్వు తెచ్చుకున్నాను.

అప్పుడు గానీ అది మళ్లీ పళ్లెం దగ్గరికి వెళ్లలేదు.