ఉరుముల్లో మోగిన ఫోను

మా చిన్నప్పుడు... ఉప్పుగూడలో మాది రేకుల ఇల్లు. ఎండాకాలం సాయంత్రం మబ్బు పట్టిందంటే చాలు, అమ్మ కొంగు నడుముకు దోపి ఇల్లంతా తిరిగేది. టీవీ ప్లగ్గు పీకేది, యాంటెనా వైరు ఊడదీసేది. నల్లా ముట్టొద్దు, కిటికీ ఊచలు పట్టుకోవద్దు, ఫోను ఎత్తొద్దు... అంటూ నన్నూ తమ్ముణ్ణీ నడిమి అర్రలో మంచం మీద కూర్చోబెట్టేది.

ఆ రోజు పొద్దున్నే మా చిన్నత్తకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు, పుట్టింటికని మా ఇంటికే వచ్చింది. బాపు, నాయనమ్మ ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు.

"ఏదన్నుంటే ఫోన్ చేస్త, నువ్వు ఫికర్ చెయ్యకు" అని బాపు అమ్మకు చెప్పి వెళ్లాడు.

మధ్యాహ్నం దాటినా ఫోను రాలేదు. సాయంత్రం గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. రేకుల మీద వడగళ్లు... పక్కనున్న మనిషి మాట వినపడదు. తమ్ముడు చెవులు మూసుకుని అమ్మ ఒళ్లో తల దాచుకున్నాడు.

అప్పుడు మోగింది ఫోను... గోడ గూట్లోంచి.

అమ్మ లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. అది మోగి మోగి ఆగిపోయింది. ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ మొదలు...

"ఊకె చేస్తుండంటే ఏమైందో ఏమో..." అంటూ అమ్మ గూటి దగ్గరికి నడిచి చెయ్యి చాపింది. నేను పరుగెత్తి కొంగు పట్టి లాగాను.

"వద్దమ్మా! పిడుగులు పడ్తుంటే ఎత్తొద్దని నువ్వే చెప్తవ్ గద!"

"ఇడువు బిడ్డా... మీ అత్త పానం ఎట్లున్నదో!"

నేను వదల్లేదు. ఏడుస్తూ ఆమె నడుం చుట్టేసి వెనక్కి గుంజాను.

కళ్లు మూసుకుపోయేంత వెలుగు... వెంటనే ఇల్లంతా అదిరింది. గూట్లో టప్పుమంది. మోగుతున్న ఫోను మధ్యలోనే ఆగిపోయింది. కాలిన వాసన... వైరు పొడుగునా సున్నం గోడ మీద నల్లటి చార.

అమ్మ మమ్మల్నిద్దర్నీ దగ్గరికి లాక్కుంది. ఆమె గుండె కొట్టుకోవడం నా చెంపకు తెలుస్తోంది.

బతికామన్న సంతోషం లేదు మాకు. కబురు వచ్చే ఒక్క దారీ పోయింది. ఉరుములు దూరమయ్యాక కూడా అమ్మ చాలాసేపు గడప దాటనివ్వలేదు.

చీకటి పడే వేళకు బాపు తడిసి ముద్దయి వచ్చాడు. "ఎన్నిసార్లు చేసిన! ఎందుకెత్తలేవే?" అని అరిచి, గోడ చూసి ఆగిపోయాడు.

"గదంతా తర్వాత... మీ చెల్లె ఎట్లున్నది?" అంది అమ్మ.

"ఆడపిల్ల పుట్టింది. పుట్టంగనే ఏడ్వలే... మస్తు భయపడ్డం. గందుకే నీకు చేసిన. ఇప్పుడు ఇద్దరు మంచిగున్నరు."

అమ్మ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడు మా ఫ్లాట్‌లో ఎవరి గది వాళ్లది. ఎంత పెద్ద ఉరుము ఉరిమినా ఒక్క తలుపూ తెరుచుకోదు... భయపడడానికి కూడా ఒకరికొకరం ఉన్న రోజులవి. ఉరుముల వేళ మీ ఇంట్లో మిమ్మల్ని దగ్గరికి లాక్కుని కూర్చున్నదెవరు... చెప్పరూ?