బర్రెకు తెచ్చిన మందు

కాలిపోయిన మోటారును విప్పకముందే శ్రీశైలం వాసన చూసి చెప్పేస్తాడు, తప్పు కరెంటుదా, రైతుదా అని. ఏ బడిలోనూ నేర్వలేదు. ఏన్కూరు అవతల అడవి అంచున రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లుగా మోటార్లకు రాగి తీగ చుడుతున్నాడు. పన్నెండేళ్లుగా రెండు పూటలా పొట్టలో ఇన్సులిన్ పొడుచుకుంటున్నాడు. రెండింటిలోనూ లెక్క తప్పనివ్వడు.

తప్పింది ఫోనులో. రాత్రి సీసా ఖాళీ అయింది. దవాఖానాలో ఈ వారం స్టాకు లేదన్నారు. ఖమ్మంలో కరెంటు సామాన్ల కొట్టు నడిపే బావమరిది ప్రభాకర్‌కు ఫోన్ చేసి, ఇన్సులిన్ బస్సులో పంపమన్నాడు. వాన, సిగ్నల్ అంతంతమాత్రం. మధ్యాహ్నం బస్సులో పార్సిల్ వచ్చింది. విప్పితే నాలుగు చుట్టలు నల్లటి ఇన్సులేషన్ టేపు.

భార్య సునంద ఒక చుట్ట చేతిలోకి తీసుకుంది. “ఇది పొట్టకు చుట్టుకుంటవా, మింగుతవా?”

“నీ తమ్ముడు పంపిండు, వాన్నే అడుగు.”

“వాడేం చేస్తడు? ఇరవై ఏండ్ల సంది నువ్వు వాన్ని టేపు తప్ప ఇంకేమన్న అడిగినవా?”

నవ్వొచ్చేదే. కానీ బస్సు వెనక్కి పోయిన గంటకే వాగు పొంగి రోడ్డెక్కింది. పొద్దుటి మందు అప్పటికే తప్పింది. మూడేళ్ల కింద ఇలాగే రెండు పూటలు తప్పితే ఎగఊపిరి వచ్చి, ట్రాక్టర్‌లో వేసుకుని పరుగెత్తారు. సాయంత్రం తిండిలోపు మందు దొరకాలి. ఊళ్లో మందుల షాపులో ఉన్నది ఖరీదైన ఇన్సులిన్ పెన్ను ఒక్కటే. ధర వినేసరికి మూడు మోటార్లు చుట్టిన కూలి కళ్లముందు తిరిగింది. జేబులో అందులో సగం లేదు, షాపువాడు అరువివ్వడు.

అప్పుడు గుర్తొచ్చింది, ద్వాలి ఫ్రిజ్.

కిరాణం కొట్టు ద్వాలికి ఏ రోగమూ లేదని ఊళ్లో పేరు. ఆ పేరు ఆమే తెచ్చుకుంది. పెళ్లిళ్లలో అందరూ చూసేట్టు లడ్డూ విరిచి, “ఏం, చక్కెర తమ్మీ, నీకొద్దా?” అని శ్రీశైలాన్ని కేకేసేది. పోయిన నెల ఆ ఇంట్లో ఫ్రిజ్ బాగుచేస్తుంటే, పచ్చడి జాడీ వెనక గుడ్డలో చుట్టిన మూడు ఇన్సులిన్ సీసాలు అతని కంటపడ్డాయి. సునందకు కూడా చెప్పలేదు. ఇంట్లో చూసింది బయట వాగేవాడు మెకానిక్ కాదని అతని లెక్క.

స్క్రూడ్రైవర్ పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డాడు. లోపల ఇద్దరు గిరాకీలున్నారు.

“అక్కా, ఫ్రిజ్ చూద్దామని వచ్చిన.”

“మంచిగనే నడుస్తుంది కదా.”

“పచ్చడి ఎనక సల్లగుందో లేదో చూడాలె.”

ద్వాలి చేతిలోని పొట్లం తక్కెడ మీద జారిపడింది. గిరాకీలను గబగబా పంపించి, అతన్ని లోపలికి పిలిచింది.

“ఏంది తమ్మీ, బెదిరిస్తున్నవా?”

“లేదక్కా. పొద్దుగాల మందు తప్పింది. ఒక్క సీసా ఇయ్యి, వాగు దిగంగనే తెచ్చిస్త. నువ్వు ఇయ్యకున్నా నేను నోరిప్ప.”

ద్వాలి అతని ముఖం చూసింది. పెదవులు ఎండిపోయి, కళ్లు గుంటలు పడ్డాయి.

“అవి నాయి కావు,” అంది ఫ్రిజ్ తెరుస్తూ. “మా బర్రెకు తెచ్చిన.”

“అవ్, నాకు తెల్వదా! మీ బర్రెకు తిండికి ముందా, తర్వాతనా?”

“నోరు మూస్కో. ముందే.”

సీల్ తీయని సీసా ఒకటి చేతిలో పెట్టింది. శ్రీశైలం కిటికీ దగ్గరికి వెళ్లి పేరు చదివాడు, తాను వాడేదే. తేదీ చూశాడు. సీసా మీద మందు బలం నలభై అని ఉంది; జేబులోంచి తన సిరంజి తీసి, దాని మీదా అదే అంకె ఉందని చూసుకున్నాడు. సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, మందు కొలిచి, చొక్కా ఎత్తాడు.

“ఆడ కాదు!” ద్వాలి అరిచింది. “రోజూ గాడనే పొడిస్తే గడ్డ కట్టదా? జర పక్కకు జరుపు. దిగినంక జల్దీ గుంజకు.”

“బర్రె మంచిగ నేర్పింది నీకు.”

“కూసో. అరగంట ఆగి తినిపో, రొట్టెలు కాలుస్త.”

పిండి కలిపి, పొయ్యి ముట్టించి, పెనం పెట్టింది. అంతలో గోడ గడియారం వైపు చూసింది, ఫ్రిజ్ వైపు చూసింది, చివరికి శ్రీశైలం వైపు చూసింది.

“తమ్మీ, గోడ దిక్కు తిరుగు.”

“ఎందుకక్కా?”

“బర్రెకు టైమైంది.”

శ్రీశైలం కుర్చీతో సహా గోడవైపు తిరిగాడు.