పెళ్ళి విందుకి ఎండు మెత్తళ్ళు

పోయిన ఏడాది నా మనవరాలి పెళ్ళికి పంతులుగారు రెండు ముహూర్తాలు రాసిచ్చారు. ఒకటి మే ఇరవై రెండు, రెండోది శ్రావణంలో. మధ్యలో మూఢం, దాని వెనకే ఆషాఢం. పెళ్ళికొడుక్కి సెలవు మేలోనే దొరుకుతుందని నిడదవోలు నుంచి వియ్యాలవారు కబురు చేశారు. మా అబ్బాయి సరేనన్నాడు. నేను గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. పెళ్ళి వేట నిషేధంలో ముప్పై ఎనిమిదో రోజున పడింది. మర్నాడు మా ఇంటి దగ్గర విందు.

మా ఊరు మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. మా పెళ్ళిళ్ళలో ముహూర్తం రోజు భోజనం శాకాహారమే. మర్నాటి విందులో మాత్రం సముద్రం చేప పులుసు ఉండాలి. అది లేకపోతే విందని ఎవరూ అనరు. లోపలి ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాలు ముందు రోజంతా పప్పు, పులిహోర తిని ఊరుకునేది ఆ పులుసు కోసమే.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా ఇంజన్ బోటు వేటకి వెళ్ళకూడదని సర్కారు రూలు. అందరూ రెండు నెలలంటారు. రెండు నెలలు కాదు. ఏప్రిల్లో పదహారు, మేలో ముప్పై ఒకటి, జూన్‌లో పద్నాలుగు, కలిపితే అరవై ఒక్క రోజులు. జూన్ పదమూడున బోటు కడుగుతూ "అయిపోయినట్టేగా" అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను. అవ్వలేదు, ఇంకా ఒక రోజుంది.

నలభై ఒక్క ఏళ్ళు నేను చేపల గంప మోశాను. పెళ్ళై ఈ ఊరు వచ్చిన కొత్తలో చందువ చేప నా జానకి తక్కువ ఉండేది కాదు. నా జాన ఎనిమిది అంగుళాలు, టేపు పెట్టి చూసుకున్నదే. తర్వాత తర్వాత చిన్న కన్ను వలలు వచ్చాయి, ఏడాది పొడవునా వేట సాగింది, చందువ నా అరచేతిలో ఇమిడిపోయేంత అయింది. మే నెలలో ఏ చేప కోసినా కడుపు నిండా జన. ఆ గుడ్లన్నీ పిల్లలైతే ఎన్ని చేపలయ్యేవో లెక్క కడదామని ఒకసారి కూర్చున్నాను. ఎంత లెక్కల మనిషినైనా అది నా వల్ల కాలేదు.

ఏడేళ్ళ కిందట మా అబ్బాయి ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి రెండు మాటలు తీసుకున్నాడు. చిన్న కన్ను వల వెయ్యకూడదు, నిషేధంలో బోటు కదలకూడదు. మా రేవులో ముప్పై నాలుగు బోట్లు. మొదటి ఏడాది ఐదు మాట తప్పాయి, రెండో ఏడాది రెండు. ఆ తర్వాత ఒక్కటీ కదల్లేదు. చందువ మళ్ళీ నా జాన దగ్గరికి వస్తోంది. చేపల రేవుకి వెళ్ళినప్పుడల్లా నేను కొలుస్తూనే ఉంటాను, కుర్రాళ్ళు నవ్వుతూనే ఉంటారు.

ఇప్పుడా మాట తీసుకున్నవాడి కూతురి పెళ్ళే నిషేధంలో పడింది.

ఏప్రిల్ చివర్లో పెళ్ళికొడుకు తండ్రి ఫోన్ చేశారు. ఆయన వ్యవసాయదారుడు, మంచి మనిషి, గొంతు పెద్దది. "బావగారూ, మా వాళ్ళు రెండు బస్సులండి. అందరూ సముద్రం చేప కోసమే బయలుదేరుతున్నారు, ఆయ్!" అన్నారు. మా అబ్బాయి నా వైపు చూశాడు. నేను ఫోన్ అందుకున్నాను.

"బాబూ, మే నెలలో మా ఊళ్ళో వేట లేదండి. సముద్రం చేప వడ్డించలేం."

"అదేంటి అత్తయ్యగారూ, సముద్రం మీ పెరట్లోనే ఉందిగా?"

"పెరట్లో ఉందని పిందెలు కోసుకోంగదండీ."

ఆయన, "మరి మా వాళ్ళకి ఏం చెప్పమంటారు?" అన్నారు.

"ఉన్నది చెప్పండి" అన్నాను.

ఫోన్ పెట్టాక మా అబ్బాయి నన్ను తప్పుపట్టలేదు కానీ వేరే దారులు వెతికాడు. పడమటి సముద్రంలో మేలో ఇంకా వేట ఉంటుంది, ఐసు పెట్టెల్లో రైలు మీద తెప్పిద్దామన్నాడు. ఎన్నాళ్ళు ఐసులో ఉందో తెలియని చేపని మన రేవు చేప అని చెప్పి వడ్డిస్తావా అని అడిగాను. తెడ్డు నావకి నిషేధం లేదుగా, మన రేవులో ఒక ముసలాయనకి ఆ నావ ఉంది, అందులో పడింది తీసుకుందామన్నాడు. ఆ నావలో పడేది రెండు ఇళ్ళకి చాలదు. మనకి వచ్చేది ఆరు వందల మంది. చెరువు చేప సంగతి వచ్చేసరికి వాడే తల అడ్డంగా ఊపాడు. అది వియ్యాలవారు రోజూ తినేదే.

ఆ సాయంత్రం బోట్లవాళ్ళు ఆరుగురు మా అరుగు మీదికి వచ్చారు. అందరూ నా ఎదట పెరిగినవాళ్ళే. వాళ్ళలో పెద్దవాడు, మా ఇంటి వెనక వీధివాడు, చెప్పులు విప్పి కూర్చుని మొదలుపెట్టాడు.

"పిన్నీ, ఒక్క రాత్రండి. ఆరు బోట్లు వెళ్తాం, తెల్లారేసరికి వచ్చేస్తాం. ఊళ్ళో అందరినీ అడిగాం, ఎవరికీ అభ్యంతరం లేదు. మన పిల్ల పెళ్ళికి మన చేప లేకపోతే మాకు తలవంపులు కాదేంటండీ?"

వాళ్ళు దొంగతనంగా రాలేదు, మా మీద ప్రేమతో వచ్చారు. అందుకే నాకు కష్టమైంది. మా అబ్బాయి నేల చూపులు చూస్తున్నాడు. ఔనంటే బాగుండునని వాడి మొహంలో కనిపిస్తూనే ఉంది.

"నీకు కూతురుందిగా?" అని అడిగాను.

"ఉందండి."

"దానికి ముహూర్తం మేలో పడితే?"

వాడు నవ్వాడు. "అప్పుడూ ఒక్క రాత్రేగా పిన్నీ."

"పోయిన మేలో జరగాల్సిన పదకొండు పెళ్ళిళ్ళు మన ఊళ్ళో వేట కోసం శ్రావణానికి జరిపారు. పదకొండు ఒక్క రాత్రులు. ఆపైన గృహప్రవేశాలు, పుష్పవతి పేరంటాలు. ఇవన్నీ తీసేసి నిషేధానికి ఎన్ని రోజులు మిగుల్తాయో నువ్వే చెప్పు."

పక్కనున్నవాడు, "పిన్నితో లెక్కలకి రావద్దని నేను ముందే చెప్పానా?" అన్నాడు. అందరూ నవ్వారు, మా అబ్బాయితో సహా. అప్పుడు వాడే తల ఎత్తి, "వద్దురా. నేను అడిగి మాట తీసుకున్నాను. నేనే ఎలా తప్పుతాను?" అన్నాడు. వాడు ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళ నాన్న ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

విందుకి ఏం వండాలో నేను అప్పటికే అనుకున్నాను. ఎండు మెత్తళ్ళూ మామిడికాయ. మెత్తళ్ళు ఎంత పెరిగినా వేలెడే, పిల్ల చేపలు కావు. ఫిబ్రవరి, మార్చిలో పట్టి, ఎండబెట్టి, నిషేధం రోజుల కోసం ప్రతి ఇంట్లో కుండలో దాచుకుంటాం. మేలో పుల్ల మామిడికాయ వేసి వండితే దానికి మించిన కూర లేదు. కానీ అది ఇంట్లో తినే కూర. పెళ్ళి పందిట్లో ఎండు చేప ఎవరూ వడ్డించరు. వంట మేస్త్రి అయితే, "వాసనండి, నా గిన్నెల్లో నేను వండను" అని తేల్చేశాడు.

మనవరాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి ఏడ్చింది. "మామ్మా, పుట్టింటివాళ్ళు ఎండు చేపలు పెట్టారని జన్మంతా దెప్పుతారు. నువ్వు ఇక్కడే ఉంటావు, అక్కడ వినాల్సింది నేనేగా?"

అది నిజమే. "వింటావు, తప్పదు. అయితే మీ నాన్న మాట తప్పాడని మాత్రం ఎవరూ అనరు" అన్నాను. అది మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి, "మామిడికాయలు ఎన్ని కావాలి?" అంది.

"మూడు వందలు. పీచున్నవి వద్దు" అన్నాను.

ఊళ్ళో ఆడవాళ్ళు తలా మూడు గుప్పెళ్ళ మెత్తళ్ళు తెచ్చారు. తమ కుండ తగ్గుతుందని తెలిసీ తెచ్చారు. అలాగని నేను చూడకుండా పుచ్చుకోలేదు. ప్రతిదీ చేటలో పోసి చెరిగాను. ఆ రోజు అరుగు మీదికి వచ్చిన పెద్దవాడి భార్య తెచ్చినవాటిలో ఇసుక రాలింది, వెనక్కి ఇచ్చేశాను. "ఇసుక మీద ఎండబెట్టావు. పాత వల పందిరిలా కట్టి దాని మీద పోయాలని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాను. "దానం తెచ్చినా దండనేనా అత్తా!" అని నవ్వుతూ వెళ్ళి, పుట్టింటి నుంచి వేరేవి తెచ్చింది. వాటిలో ఇసుక లేదు.

విందు రోజు పన్నెండు మంది ఆడవాళ్ళం ఇంటి వెనక కట్టెల పొయ్యిల మీద వండాం. మొదటి బంతిలో పెళ్ళికొడుకు నాయనమ్మ కూర్చున్నారు. నా ఈడు మనిషి. విస్తట్లో కూర పడగానే వంగి చూశారు.

"ఏంటి వదినగారూ, సముద్రం ఎండిపోయిందా, చేపలు ఎండిపోయాయా?"

బంతంతా నవ్వింది. అవతల గరిటె పట్టుకున్న మనవరాలి చెయ్యి ఆగింది.

"చేపలు కాన్పుకి వెళ్ళాయి వదినగారూ. బాలింతల్ని పట్టుకొచ్చి మీకు పెట్టమంటారా?" అన్నాను.

ఈసారి ఆవిడే ముందు నవ్వారు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. సగం అన్నం అయ్యాక ఎడమ చేత్తో మనవరాలిని పిలిచి, "అమ్మాయ్, ఆ మామిడి ముక్కలు కూడా పడేలా ఇంకాస్త వెయ్యి" అన్నారు. మూడు బంతులయ్యేసరికి గిన్నెలు గీకాల్సి వచ్చింది. మాకు, వండినవాళ్ళకి, పెరుగన్నమే మిగిలింది.

భోజనాలయ్యాక పెళ్ళికొడుకు తండ్రి సముద్రం చూస్తానన్నారు. నేనే తీసుకువెళ్ళాను. ముప్పై నాలుగు బోట్లూ ఇసుక మీద వరసగా ఉన్నాయి. ఇంజన్లు విప్పి ఇళ్ళలో పెట్టుకున్నారు. ఆయన ఆ వరస పొడవునా నడిచి వచ్చారు.

"పెళ్ళిక్కూడా ఒక్కటీ కదల్లేదా అండి?"

"లేదండి."

"మా చిన్నప్పుడు ఇంట్లో గింజల్లేక గంజి తాగిన రోజుల్లోనూ మా నాన్న విత్తనం బస్తా మంచం కింద పెట్టుకుని పడుకునేవారు. మా అమ్మ కూడా చెయ్యి పెట్టడానికి లేదు" అన్నారు. గొంతు పెద్దదే అయినా ఆ మాట మెల్లగా అన్నారు.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రితో నిషేధం అయిపోయింది. పదిహేనున బోట్లు వెళ్ళాయి. ఆషాఢం సారెతో పాటు నిడదవోలుకి చందువలు పంపాం. ప్రతి చేపా నా జానతో కొలిచి, తగ్గినవి పక్కన పెట్టి, మిగతావే బుట్టలో సర్దాను. ఏడేళ్ళ కిందట ఇలా ఏరితే బుట్ట అడుగు కూడా నిండేది కాదు. ఆ రోజు మూడు బుట్టలు నిండాయి. సాయంత్రానికి వదినగారు ఫోన్ చేసి, "చేపలు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ, ఎండు మెత్తళ్ళు వెయ్యడం మర్చిపోయారేంటండీ?" అని అడిగారు.

మొన్న ఫిబ్రవరిలో, ఆ రోజు అరుగు మీద ఒక్క రాత్రి అడిగిన పెద్దవాడు మళ్ళీ వచ్చాడు. వాడి కూతురికి పెళ్ళి కుదిరింది, ముహూర్తం మేలోనే. చెప్పులు విప్పి అదే చోట కూర్చున్నాడు.

"పిన్నీ, ఐదొందల మందండి. మెత్తళ్ళు ఎన్ని కుండలు ఎండబెట్టమంటారు?"

ఊళ్ళోవాళ్ళని అడక్కుండా ఇంట్లోవే సరిపోవాలంటే తొమ్మిది కుండలు కావాలని లెక్క చెప్పాను. ఇసుక మీద పొయ్యొద్దని కూడా చెప్పాను. పాత వల అప్పుడే పందిరి కట్టేశామని చెప్పి నవ్వాడు. నేను వెళ్ళి చూసి వచ్చాను. నేలకి మూడడుగుల ఎత్తున, బిగుతుగా, బాగానే కట్టారు.