బరువు మీద బిగించిన బోల్టు

2021 నవంబరు, గురువారం, సాయంత్రం నాలుగు గంటలు. తిరుత్తణి, నా షెడ్డు. ఉన్నవాళ్లు: నేను, కారు యజమాని లోకనాథం, అతని తండ్రి సుబ్బరాయుడు, తల్లి రాజమ్మ. పని: వెనక ఎడమవైపు షాక్ అబ్జార్బర్. మూడోసారి.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్న మొదటి పంక్తులు ఇవి. "మూడోసారి" కింద గీత గీసి ఉంది. ముప్పై నాలుగేళ్లు కార్ల షెడ్డు నడిపి, దాని మరుసటి ఏడు మూసేశాను. ఏ బండికి ఏ రోజు ఏ పని ఎలా చేశానో రాసిపెట్టుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. పెద్ద ఇంజన్ పనులు ఎన్నో చేశాను గానీ, మీ పనిలో గుర్తుండిపోయింది ఏదని ఎవరైనా అడిగితే ఈ చిన్న బోల్టు సంగతే చెబుతాను.

చక్రం గుంతలో పడి లేచాక స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బర్, అంటే నూనె నింపిన గొట్టం లాంటిది. దాని కింది కొసను చక్రం పక్కన ఒక బోల్టుతో బిగిస్తాము. ఆ కొసలో బుష్ అనే రబ్బరు ముక్క, రబ్బరు నడుమ అతికించిన చిన్న ఇనుప గొట్టం ఉంటాయి. బోల్టు దూరేది ఆ గొట్టంలోనే. ఆ బోల్టు ఊడిపోతే కారు వెనక భాగం పట్టు తప్పి ఎగురుతుంది. వేలాడే కొస చక్రంలో ఇరుక్కుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

లోకనాథం వాళ్లది నేత కుటుంబం. సుబ్బరాయుడికి మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. సోమవారం, శుక్రవారం ఉదయం ఏడింటికల్లా తిరువళ్ళూరులో డయాలిసిస్‌కు చేరాలి. ఎలాగూ పోయే కారే కదా అని లోకనాథం డిక్కీ నిండా లుంగీల బేళ్లు వేసుకుని, తండ్రిని ఆస్పత్రిలో దించి, బేళ్లను అక్కడి కొట్లో ఇచ్చి వచ్చేవాడు.

ఆ వారం సోమవారం పాండూరు దగ్గర బోల్టు ఊడిపోయింది. పొలానికి పోతున్న ఒక రైతు ఆగి, తన దగ్గరున్న తాడుతో వేలాడే కొసను పైకి కట్టి పంపాడు. నత్తలా పోయి ఆస్పత్రి చేరేసరికి పది దాటింది. అప్పటికే వంతు వేరొకరికి వెళ్లిపోయింది. మళ్లీ మరునాడు దొరికింది. సోమవారం రాత్రంతా సుబ్బరాయుడు ఊపిరి ఆడక, పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చున్నాడట.

ఆవడి నుంచి కొత్త బుష్ తెప్పించి, గురువారం రమ్మన్నాను. మరునాటి బేళ్లు అప్పటికే ఎక్కించుకుని, అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకుని, నెమ్మదిగా వచ్చాడు లోకనాథం. అతను గొంతు పెంచి ఉంటే నేను తల వంచుకునేవాణ్ణి. అతను డిక్కీ తెరిచి పక్కకు జరిగాడు. అడిగింది రాజమ్మ.

"మేస్త్రీ, రేపు ఏడుకు తిరువళ్ళూర్లో ఉండాల. ఉంటామా లేదా, అదొక్కటి చెప్పు."

"రేపటికి వేరే కారు మాట్లాడుకోండక్కా. నేను నిదానంగా చూస్తాను," అన్నాను.

"పోయిన నెల మాట్లాడినాము గదా మామా," అన్నాడు లోకనాథం. "ఐదుకి వస్తానన్నోడు ఏడైనా రాలా. రైలంటే, ఆ మెట్లు నాయన యాడ ఎక్కతాడు?"

పనిలో దిగాను. నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు బేళ్లు దించాను. జాకీ వేసి వెనక భాగం ఎత్తాను. చక్రం కిందికి వేలాడింది. పాత బుష్ తీసి, కొత్తది ఎక్కించి, కొత్త బోల్టు దూర్చి, స్పానరు అందుకున్నాను. రాజమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏమయ్యా, ఈ కారు నడిచేది గాల్లోనా, నేల మిందనా?"

"నేల మీదేనక్కా."

"మరి గాల్లో పెట్టి బిగిస్తా ఉండావే?"

నాకు చిరాకు వేసింది. "ముప్పై ఏండ్ల పైనుంచి ఇట్లే బిగిస్తున్నా. కావాలంటే నువ్వు స్పానరు పట్టుకో, నేను పొయ్యి మగ్గంలో కూర్చుంటా."

"నువ్వు మగ్గంలో కూర్చుంటే ఊరంతా గోచీలతో తిరగాల్సిందే," అంది. కుర్చీలో సుబ్బరాయుడు నవ్వబోయి దగ్గాడు.

ఆమె వదల్లేదు. "అది గాదయ్యా. మగ్గంలో కాళ్లతో తొక్కే చెక్కలుంటాయి గదా. వాటి తాళ్లు పడుగు, అదే నిలువు దారాలు, బిగించి లాగినాకనే ముడేస్తాము. పడుగు వదులుగా ఉండేటప్పుడే ముడేస్తే, అప్పుడు బాగానే ఉన్నట్టుంటాది. బిగించినాక తాడు గుంజుకుంటాది. నాలుగు దినాలకు తెగతాది. బరువు రాకముందు వేసిన ముడి ముడి కాదు."

స్పానరు నా చేతిలోనే ఉంది. నేను లేచి, తీసేసిన బుష్‌లు వేసే డబ్బా వెతికాను. ఇదే కారుకు మొదటిసారి నేను బిగించినది దొరికింది. ఆ రోజు తీసినదాన్ని దాని పక్కన పెట్టి చూశాను. రెండింటిలోనూ రబ్బరు ఒకే వైపుకు, మెలితిప్పినట్టు ఏటవాలుగా చిరిగి ఉంది. తర్వాత డైరీ తిరగేశాను. రెండుసార్లూ నా చక్కని చేతిరాతలో ఒకే వాక్యం: "బరువు దించి, జాకీ మీద ఎత్తి, గట్టిగా బిగించాను."

నేను పని నేర్చుకున్న పాత కార్లలో బుష్ గొట్టం చుట్టూ తిరిగేది. ఎలా బిగించినా నడిచేది. ఇప్పటి కార్లలో రబ్బరు గొట్టానికి అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారును కిందికి దించగానే రబ్బరు మెలి తిరుగుతుంది, అలాగే ఉండిపోతుంది. ఖాళీగా తిరిగే కారైతే ఎలాగో ఓర్చుకుంటుంది. ఈ కారు ప్రతిసారీ బేళ్లతో కిందికి కుంగేది. మెలి పెరిగి రబ్బరు చిరిగేది, సందు ఏర్పడేది, ఆ అదురుకు బోల్టు వదులయ్యేది. నేనేమో ప్రతిసారీ బోల్టును తిట్టి, ఇంకా గట్టిగా బిగించి పంపాను.

"తప్పు కారుది కాదు, రోడ్డుది కాదు. రెండుసార్లూ నాదే," అన్నాను. సుబ్బరాయుడి వైపు చూడలేకపోయాను. "సోమవారం రాత్రి నీకు ఆ అవస్థ నా వల్లే అన్నా."

లోకనాథం బుష్ చేతిలోకి తీసుకుని, చిరుగును బొటనవేలితో తడిమి చూసి, డబ్బాలో వేశాడు.

"పెద్ద నేతగాడు గూడా పోగు తప్పతాడు," అంది రాజమ్మ. "తెలిసినాక విప్పి మళ్లా నేస్తాడు. పరవాయిల్లె, కానియ్."

నా షెడ్డులో కారు కింద నిలబడి పనిచేసే గుంత లేదు. రెండు మందపాటి చెక్క దిమ్మెలు పేర్చి, వెనక చక్రాలు వాటి మీదికి ఎక్కించాము. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాము. బేళ్లు తిరిగి డిక్కీలో వేశాము. అది చాలదనిపించింది. రేపు ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చోమన్నాను.

సుబ్బరాయుడు మెల్లగా ఎక్కి కూర్చుని అన్నాడు: "ఆస్పత్రిలో మంచమెక్కేముందు ఒక తూకం, దిగినాక ఒక తూకం. ఇప్పుడు మెకానిక్ షెడ్లో గూడా తూకమా? నన్ను బేళ్లలో కలిపేసినావే మేస్త్రీ."

"బేళ్లకన్నా నువ్వే తేలికలే, కదలకుండా కూర్చో," అంది రాజమ్మ.

నేను గోనె పరుచుకుని కారు కిందికి జరిగాను. మోచేయి తిరగనంత ఇరుకు. పైన ముగ్గురి బరువు, బేళ్ల బరువు. మధ్యలో రబ్బరు ఏ మెలికా లేకుండా తిన్నగా ఉంది. అప్పుడు బిగించాను. అంతకుముందుకన్నా తక్కువ బలమే పట్టింది.

ఆ తర్వాత షెడ్డు మూసేదాకా, వెనక భాగం పనికి వచ్చిన ప్రతి కారు యజమానినీ ముందు ఒకటే అడిగేవాణ్ణి: ఇందులో మామూలుగా ఎవరు కూర్చుంటారు, ఏం మోస్తారు? బండిని విడిగా చూస్తే సగమే తెలుస్తుంది, దాని మీద ఆధారపడినవాళ్లను కూడా కలిపి చూడాలి. ఇది నాకు ఏ గురువూ చెప్పలేదు. రెండుసార్లు మోసపోయి కూడా వేరే షెడ్డుకు పోకుండా నా దగ్గరికే వచ్చిన ఒక కుటుంబం చెప్పింది. వాళ్లు వేరేచోటికి పోయి ఉంటే నేను ఆ తప్పుతోనే పని చాలించేవాణ్ణి.

శుక్రవారం తెల్లవారి వాళ్లతో పాటు నేనూ కారెక్కాను. డబ్బా నిండా స్పానర్లు ఒళ్లో పెట్టుకుని, పాండూరు దాటేదాకా వెనక చక్రం వైపే చెవి ఒగ్గి కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. సుబ్బరాయుడు తలుపు పైనున్న పిడిని గట్టిగా పట్టుకుని బయలుదేరాడు. ఎప్పుడు వదిలాడో గమనించలేదు గానీ, తిరువళ్ళూరు వచ్చేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. ఏడుకు ఇంకా పావుగంట ఉందనగా లోకనాథం అతన్ని లేపి లోపలికి తీసుకెళ్లాడు.

నేను ఆస్పత్రి గోడ పక్కన పాత పేపరు పరుచుకుని, కారు కిందికి జరిగి, నట్టుకు స్పానరు పెట్టి చూశాను.

"ఏమయ్యా?" పైనుంచి రాజమ్మ గొంతు.

"కదల్లేదక్కా."

"సరి, బయటికి రా. కాఫీ ఆరిపోతా ఉండాది."