అమ్మవారి గాజులు

"నాకెందుకమ్మా గాజులు? మొగుడు పోయినదాన్ని!"

"దసరాకి అమ్మవారికి అలంకరించినవండి మామ్మగారూ, వద్దనకూడదు. ఇంట్లో కోడలికివ్వండి."

"దానికీ పనికిరావు. మా అబ్బాయి పోయి మూడేళ్లయింది."

పెద్దాపురం బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడెవరో నాకు తెలియదు. "అమ్మవారు వేసుకున్నాక పనికిరాకపోవడమేంటండి? ఆ అమ్మాయికి పండగ శుభాకాంక్షలు చెప్పానని చెప్పండి" అంటూ డజను గాజులు నా ఒళ్లో పెట్టి దిగిపోయింది.

మూడేళ్లుగా పూజ జరిగినంతసేపూ కోడలు వంటింట్లోనే ఉండేది. ఉండమన్నది నేనే. ఆ సాయంత్రం గాజులిచ్చి, ఆవిడ చెప్పమన్నది చెప్పాను.

"వేసుకోమంటారా అత్తయ్యగారూ?" అంది కోడలు.

"ఊరికే వచ్చినవి, పారేస్తామా?" అన్నాను.

మర్నాడు పొద్దున్న కోడలు పూజకు కూర్చుంది. గారెలు నేను వేశాను.