చుట్టం కుండ

నా చిన్నప్పుడు మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కన రెండు కుండలు ఉండేవి. ఒకటి దేవుడి కుండ. రెండోదాన్ని మా మామ్మ చుట్టం కుండ అనేది. ఆ చుట్టం ఎవరో మాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నాకే మామ్మ వయసు వచ్చింది. అయినా బియ్యంలో సోల ముంచిన చప్పుడు వింటే చాలు, ఆ వంటింటి గడప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పిల్లనైపోతాను.

మాది బాపట్ల పక్కన కర్లపాలెం. నాన్న బడిపంతులు. మామ్మ అంటే నాన్నను కన్నతల్లి. మేము లూథరన్ గుడికి వెళ్ళేవాళ్ళం. మా గుడి ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. పూటపూటా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా దేవుడి కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో పోసుకుని గుడికి పట్టుకెళ్ళేవారు. ఇంట్లో గంజి తాగి పడుకున్న రోజున కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. రెండో కుండ మాత్రం మా చిన్నత్త నెల తప్పిందని రేపల్లె నుంచి కబురొచ్చిన రోజున వచ్చింది.

చిన్నత్త నాన్నకు చెల్లెలు. పొట్టి మనిషి. నవ్విందంటే వీధి చివరికి వినబడేది. రేపల్లెలో రైసుమిల్లు గుమాస్తాకు ఇచ్చారు. తొలి పురుడు పుట్టింటివాళ్ళే పోయాలి, ఖర్చూ వాళ్ళదే. కబురు విని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. మామ్మ కూడా నవ్వింది. కానీ ఆ పూట అమ్మ ఎసరు పెడుతుంటే, మామ్మ వచ్చి ఒక పిడికిలికి రెండు తీసింది.

ఎవరికి మామ్మా అని అడిగాను.

"ఓ చుట్టం రావచ్చే. రాకూడదనే దేవుణ్ణి అడుగుతున్నా. వస్తే మాత్రం ఉత్తచేతుల్తో ఎదురుపడకూడదు."

"రాకపోతే?"

"రాకపోతే పదిమందిని పిలిచి వండిపెడదాం. నువ్వు వడ్డిద్దువుగాని."

నాన్నకు ఒళ్ళు మండేది. బియ్యం దొరకడమే గగనంగా ఉన్న రోజులవి. కంచంలో మెతుకులు తగ్గినప్పుడల్లా, "ఆ మహానుభావుడెవరో తొందరగా రమ్మనమ్మా, వాడి వాటా వాడు తినిపోతే మా కంచాలు నిండుతాయి" అనేవారు. మామ్మ తన పిడికెడు తాను తీస్తూనే ఉండేది. కుండ నిండినప్పుడల్లా బాపట్ల తీసుకెళ్ళి బియ్యం కొట్లో అమ్మి, వచ్చిన డబ్బు కొంగున ముడేసుకుని వచ్చి, ఖాళీ కుండను మళ్ళీ అక్కడే పెట్టేది. ఆ డబ్బు ఎక్కడ దాచేదో నాకు తెలియదు.

నాకేమో ఆ చుట్టాన్ని చూడాలని ప్రాణం కొట్టుకునేది. బడి వదలగానే బస్సులు ఆగే చోటికి పరిగెత్తి రేపల్లె బస్సు కోసం కాచుకునేదాన్ని. ఒకరోజు గొడుగూ తోలుసంచీ పట్టుకుని ఓ లావుపాటాయన దిగాడు. వాలకం చూస్తే చుట్టంలాగే ఉన్నాడు. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, మామ్మా, నీ చుట్టం వచ్చాడని కేకేశాను. పాపం, ఆయన కుట్టుమిషన్లు అమ్ముకునే మనిషి. మామ్మ ఆయనకు మజ్జిగిచ్చి పంపించి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళొత్తుకుంటూ, "ఈయన కాదే పిచ్చిమొహమా" అంది. ఆ నవ్వు ఇంకోసారి వినాలని ఈ వయసులో కూడా ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను.

చిన్నత్త ఏడో నెలలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకు మామ్మ నన్నూ పక్కింటి పిన్నినీ వెంటబెట్టుకుని బాపట్లలో ఓ ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ ఒక పెద్ద నర్సమ్మ ఉండేది. పెద్దాపరేషన్ చేసి బిడ్డను తియ్యాల్సి వస్తే ఎంతవుద్దండీ అని మామ్మ ఆవిణ్ణి అడిగింది. నర్సమ్మ చేతిలో పని ఆపేసింది. డాక్టరుగారు ఆపరేషన్ కావాలన్నారా అంది.

"అనలేదండి. అంటారనీ కాదు. అంటే మాత్రం అప్పుడు పరిగెత్తలేను."

పక్కింటి పిన్ని లెంపలేసుకుంది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా అలాంటి మాటలు నోట రాకూడదు. మా వైపు బిడ్డ పుట్టకముందు ఉయ్యాల కూడా కొనేవారు కాదు. అలాంటిది కోత గురించి బేరమాడినట్టు అడగడమేంటి! నర్సమ్మ మాత్రం మామ్మకు స్టూలు వేసి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఆపరేషన్‌కు కట్టే డబ్బు ఒక్కటే చూసుకుంటే సరిపోదట. మందులు వేరు. రక్తం ఎక్కించాల్సి వస్తే ఇచ్చేవాళ్ళు ఇంట్లో ఉండాలి, లేకపోతే కొనాలి. కుట్లు విప్పి పంపేదాకా మంచానికీ, తోడున్నవాళ్ళ తిండికీ చూసుకోవాలి. ఇంటికెళ్ళాక కూడా పిల్ల చాలాకాలం బరువెత్తకూడదు, పనిమనిషిని పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు, ఊళ్ళోంచి ఇక్కడికి చేరడానికి బండి కావాలి. మామ్మ ఒక్కో మాటకూ ఒక్కో వేలు మడుచుకుంది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ గుప్పిలి విప్పలేదు.

మేము ఇంటికి చేరేసరికి చిన్నత్త గుమ్మంలోనే ఉంది. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు కదా, వచ్చీరాగానే అంతా చెప్పేసింది. చిన్నత్త ముఖం నల్లబడిపోయింది. "నాకు కోత పడాలని కోరుకుంటున్నావా అమ్మా?" అని ఏడ్చింది. ఏడుపు విని నాన్న లోపలినుంచి వచ్చి, శుభమా అని పిల్ల పురిటికొస్తే నీకిదేం బుద్ధమ్మా అని అరిచారు. మామ్మ మీద ఆయన గొంతు పెంచడం నేను చూడటం అదే మొదలు.

మామ్మ చిన్నత్తను పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు చెప్పింది మా పెద్దత్త సంగతి. నాకు ఇంకో మేనత్త ఉండేదని అప్పటిదాకా నాకు తెలియదు. తొలికాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని మంత్రసాని చెప్పింది. డబ్బు లేదు. తాతయ్య అప్పు కోసం ఇల్లిల్లూ తిరిగి, చివరికి చెరుకుపల్లి దాకా వెళ్ళి తెచ్చాడు.

"డబ్బు లేక పోలేదే మీ అక్క. డబ్బు దొరికింది. అది వెతుక్కునేలోపు పోయింది," అంది మామ్మ. "ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వానమ్మా నేను. ఆ బావిలో నీళ్ళు పడి ఏం లాభం? నీకు కోత పడాలని నేనెందుకు కోరుకుంటానే! పడితే నువ్వు నాకు మిగలాలి. అంతే."

నాన్న వెళ్ళి దండెం మీది చొక్కా సర్దుతున్నట్టు నిలబడ్డారు. చిన్నత్త మామ్మ ఒళ్ళో తలపెట్టుకుంది. ఆ పూట చుట్టం కుండలో పిడికెడు బియ్యం చిన్నత్తే వేసింది.

ఆ తరవాత మామ్మ ఒక్కో వేలూ విప్పడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒకే ఒక్క కారు ఉండేది, వడ్ల వ్యాపారిది. ఆయన భార్యకు జాడీడు గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి ముందే మాట తీసుకుంది. రక్తం సంగతే కష్టమైంది. మా నాన్నకు సూది పేరు చెబితే కాళ్ళు వణికేవి. మనసులో ఒక అనుమానం వేసి పని చేయించడం మామ్మకు బాగా తెలుసు. "నీ ముఖం పాలిపోయిందిరా, కామెర్లేమో, ఓసారి చూపించుకో" అని పది మాట్లు అంది. నాన్న అద్దంలో చూసుకుని నిజమేననుకుని, తనంతట తానే బాపట్ల వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. కామెర్లు లేవు గానీ, నాన్న రక్తం చిన్నత్తకు సరిపోతుందని మామ్మకు తెలిసిపోయింది. ఆ నర్సమ్మ కూడా ఇందులో పాత్రధారేనని మాకు తరవాత తెలిసింది.

చిన్నత్తకు తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. పొద్దెక్కింది, ఎండ నడినెత్తికి వచ్చింది, బిడ్డ మాత్రం కిందికి దిగలేదు. చిన్నత్త అరవడం మానేసి మూలగడం మొదలుపెట్టింది. మంత్రసాని బయటికొచ్చి తల అడ్డంగా ఊపింది. మామ్మ ఏడవలేదు, గుండెలు బాదుకోలేదు. నాన్న వైపు తిరిగి, "చుట్టం వచ్చాడురా. కుండ తియ్యి" అంది.

నేను ఒక్క ఉరుకున వీధిలోకి పరిగెత్తాను. ఎవరూ లేరు. ఎండ తప్ప వీధిలో ఏమీ లేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్ని నెలలుగా బస్సు దగ్గర నేను ఎవరి కోసం కాచుకున్నానో.

కారు వచ్చింది. దాచిన డబ్బు మామ్మ కొంగులో ఉంది. కుండలో మిగిలిన బియ్యం సంచిలోకి వెళ్ళింది. అప్పు కోసం ఎవరూ ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. పెద్దాపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని రక్తం ఇచ్చారు. ఆసుపత్రి వెనక పాక కింద మామ్మ మూడు రాళ్ళు పెట్టి ఆ బియ్యంతోనే అందరికీ వండింది. చిన్నత్త తెలివొచ్చి, "అమ్మా, ఉన్నానా?" అని అడిగిందట. ఉన్నావే తల్లీ అంటూ మామ్మ అప్పుడు ఏడ్చింది. అందరి ముందూ, పెద్దత్త కోసం కూడా కలిపి ఏడ్చింది.

ఇంటికొచ్చిన రోజున మామ్మ ఆ కుండ కడిగి మళ్ళీ అక్కడే పెట్టి ఒక పిడికెడు వేసింది. ఇంకా ఎవరికి మామ్మా అన్నాను.

"నువ్వు మాత్రం ఆడపిల్లవు కాదటే?"

నాకు తెనాలి సంబంధం కుదిరేనాటికి మామ్మ లేదు. పురిటికి పుట్టింటికి వస్తే కుండ అక్కడే ఉంది. మామ్మ పోయినప్పటి నుంచీ పూటపూటా ఆ పిడికెడు నాన్న వేస్తున్నారని అమ్మ చెప్పింది. ఒకప్పుడు వెటకారమాడిన మనిషే! ఆసుపత్రిలో అడగాల్సినవన్నీ ఆయనే అడిగివచ్చి, వేళ్ళు మడిచి నాకు ఒప్పజెప్పారు. నాకు మామూలు కాన్పే అయింది. చుట్టం రాలేదు. మామ్మ మాట ప్రకారం పదిమందిని పిలిచి వండిపెట్టాం. పచ్చి బాలింతను గనక నన్ను వడ్డించనివ్వలేదు. గదిలోంచి భోజనాల బంతి వైపు చూస్తూ కూర్చున్నాను. అందరూ ఉన్నారు. చిన్నత్త నవ్వు ఎప్పటిలా వీధి చివరికి వినబడుతోంది.

ఇప్పుడు మా వంటింట్లో కుండ లేదు, స్టీలు డబ్బా ఉంది. మా మనవరాలికి నెలలు నిండుతున్నాయి. డాక్టరమ్మ దగ్గర ఆపరేషన్ ఖర్చు అడిగావా అంటే అది తప్పుబట్టదు. "అడిగాను గానీ, నీ చుట్టం డబ్బా నిండిందా?" అని నన్నే ఆటపట్టిస్తుంది. పూటకో పిడికెడు వేస్తూనే ఉన్నాను. వేశాక కాసేపు కిటికీలోంచి రోడ్డు మీద ఆగే బస్సు వైపు చూస్తాను. ఆ చుట్టం రాకూడదనే నేనూ దేవుణ్ణి అడుగుతాను. అయినా బస్సు ఆగిన ప్రతిసారీ, నేత చీర కొంగున డబ్బు ముడేసుకుని, ఖాళీ కుండ చంకనెత్తుకుని మా మామ్మ దిగుతుందేమోనని చూస్తాను.